ఖాళీలో దిగిన వేలు

పది ప్రశ్నలు, పది సున్నాలు. మాటల మేడం పదో సున్నా చుట్టి, కలానికి మూత పెట్టి, పదకొండున్నరకి వస్తాను, మిగతా పదీ అప్పుడు అడుగుతాను, ఈలోగా అమ్మగారికి కాసిని నీళ్లు పట్టించండి అని చెప్పి వెళ్లింది. పక్షవాతంతో మాట పోయినవాళ్లకి మాట తిరిగి నేర్పడం ఆమె ఉద్యోగం. దాని అసలు పేరు పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఈ అంతస్తులో అందరూ మాటల మేడం అంటారు. తలుపు దానంతటదే మూసుకుంది. తలుపు పైన ఇనప మోచేయి ఒకటి ఉంది, చివరి జానెడు దూరం అది తలుపుని నెమ్మదిగా లాగుతుంది, చప్పుడు కాకుండా. ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన నెమ్మది అది. నా పనీ అలాంటిదే. వేలు ఫోను అద్దాన్ని తాకితే ఏం జరగాలో, ఎంతసేపట్లో జరగాలో, ఎక్కడ ఆగాలో కోడ్ రాస్తాను, తొమ్మిదేళ్లుగా అదే రాస్తున్నాను. ఆ సంగతి విన్న రోజు అమ్మ సూదిలోంచి కళ్లెత్తకుండా, అద్దం మీద వేలెలా పెట్టాలో చెప్పడానికా నిన్ను అంత చదివించాను అంది. తరువాత షాపుకి వచ్చినవాళ్లందరికీ మా అమ్మాయి అద్దాలు తుడుస్తుంది అని చెప్పేది. వాళ్లు నా వైపు జాలిగా చూసేవాళ్లు, అమ్మ నవ్వు ఆపుకోవడానికి దారం కొరికేది.

పదకొండూ రెండు. ఇరవై ఎనిమిది నిమిషాలుంది. అమ్మ చక్రాల కుర్చీలో ఉంది. కుడిచేయి ఒళ్లో పడి ఉంది, పన్నెండు వారాలుగా అది అక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఎడమచేయి బల్ల మీద, ట్యాబ్ పక్కన. మామయ్య, అమ్మ తమ్ముడు, బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు, లోపలికి రాడు. మొదటి నెలంతా రోజూ వచ్చి అక్క పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవాడు. అమ్మ ప్రతి వార్తకీ తల ఊపేది. ఒకరోజు అనుమానం వచ్చి, అక్కా నువ్వు మగాడివా అని అడిగాడు. దానికీ ఊపింది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని బయటికి వెళ్లాడు, అప్పటినుంచీ బెంచీయే. తెలియట్లేదే అమ్మలూ, మీ అమ్మకి ఏమీ తెలియట్లేదు, దాన్ని ఇలా పరీక్షలు పెట్టి ఏడిపించకండి అంటాడు. ఆయన అనేది కోపంతో కాదని నాకు తెలుసు.

మాటల మేడం మార్కుల కాగితం బల్ల మీదే వదిలి వెళ్లింది. అడుగున రెండు గడులున్నాయి. అడిగింది అర్థమవుతోంది, ఒకటి. అర్థం కావడం లేదు, రెండోది. ఇరవైలో పదైనా రాకపోతే రెండో గడిలో గీత పడుతుంది, గీత పడితే రేపటినుంచి ఈ గది ఉండదు, కింది అంతస్తులో పొడుగు హాలు. ఆ హాలు నిన్న చూసి వచ్చాను. శుభ్రంగా ఉంది. వేళకి ఒళ్లు తుడుస్తారు, వేళకి తినిపిస్తారు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారు. పద్దెనిమిది మంచాల మధ్య అరగంట నిలబడ్డాను, ఆ అరగంటలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. తినిపించే మనిషి చెంచా నోటి దగ్గర పెట్టేది, నోరు తెరుచుకునేది. కావాలా అని అడగలేదు. అడగకపోవడం తప్పని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు, కాగితం మీద గీత ఉంది కదా.

మొదట్లో మాటల మేడం అట్టముక్కల మీద బొమ్మలతోనే అడిగింది. అమ్మ వేలు బొమ్మల మధ్య తిరిగేది, ఎక్కడుందో మాకిద్దరికీ చెరో రకంగా కనిపించేది. నేను చూస్తే ఆశతో చూస్తాను, ఆమె చూస్తే జాలితో చూస్తుంది, యంత్రం అయితే ఉన్నది చెబుతుంది అని ఆమే ట్యాబ్ తెప్పించింది. అందులో ఉన్నది మా ఆఫీసువాళ్లు చేసిన యాప్. పలక అంటాం దాన్ని. నాలుగు బొమ్మలు, బొమ్మకీ బొమ్మకీ మధ్య బొటనవేలంత తెల్లటి జాగా, అడుగున మళ్ళీ అనే చిన్న గడి, ప్రశ్న ఇంకోసారి అడగమని చెప్పడానికి. బొమ్మని తాకితే దాని పేరు పలుకుతుంది. ఆ గొంతు నాది. అసలు గొంతు దొరికేదాకా తాత్కాలికంగా ఉండనీ అని ఒక మధ్యాహ్నం భోజనాల గదిలో, ఫ్రిజ్ ఆపి, చెంచా, గొడుగు, తాళంచెవి, అవును, లేదు అని చదివాను. అసలు గొంతు ఇంతవరకూ దొరకలేదు. అలా ఇప్పుడు అమ్మ మాట్లాడగలిగితే నా గొంతుతో మాట్లాడాలి. ఇవాళ పొద్దుట పది ప్రశ్నలకీ నా గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.

అమ్మ వేలి వణుకు అనుకున్నాం. వేలు ఎవరిదైనా అద్దం మీద నిశ్చలంగా ఉండదు, తాకగానే వేలి కొసన కండ పరుచుకుంటుంది, ఆనిన చోటు కాస్త జరుగుతుంది. ఎంత జరిగితే తాకినట్టు, ఎంత జరిగితే ఈడ్చినట్టు? దానికో అంకె కావాలి. తెర మీది చుక్కల్లో ఎనిమిది అని పట్టుబట్టి మూడు మీటింగుల్లో గెలిచినవాడు నా పక్క సీటువాడు, అప్పటినుంచీ వాడి పేరు ఎనిమిది, జీతం చీటీ మీద తప్ప అసలు పేరు కనపడదు. ఆ అంకె కోసం ఆఫీసులో ఏడుగురం ఒక్కొక్కరం యాభైసార్లు తాకాం. ఏడుగురిలో పెద్దవాడికి ముప్ఫై నాలుగేళ్లు. పోయినవారం అమ్మ కోసం ఎనిమిదిని పదహారు చేశాను, తరువాత ఇరవై నాలుగు. వణుకు కొలుద్దామని వేలి జాడలన్నీ దాచే ఏర్పాటు కూడా ట్యాబ్‌లో పెట్టాను. అంకె పెరిగింది, సున్నాలు మారలేదు. ఇప్పుడు వైరు తగిలించి ఆ జాడలు ల్యాప్‌టాప్‌లోకి లాగుతున్నాను, ఇంకేం చేయాలో తెలియక. అమ్మకి నీళ్లు పట్టాను. సగం గడ్డం మీదికి కారింది, తుడిచాను. పదకొండూ ఏడు.

మొదటి జాడ తెర మీద గీతగా వచ్చింది. దిగింది, కదిలింది, లేచింది. అద్దానికి తెలిసినవి ఈ మూడే, అప్పుడప్పుడు నాలుగోది, రద్దు. నొక్కుతున్నామని మనం అనుకుంటాం కానీ అద్దానికి నొక్కుడు తెలియదు. వేలు దగ్గరికి రాగానే అద్దం కింద పరిచిన విద్యుత్తులో ఇంతంటే ఇంత మన ఒంటి వైపు ఒరుగుతుంది, దాన్ని అది సెకనుకి వందసార్లు చూసుకుంటుంది, ఉన్నావా, ఎక్కడున్నావు, ఉన్నావా, ఎక్కడున్నావు. బస్సులో పక్కనున్న మనిషి ఫొటోలో బిడ్డ ముఖాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటుంటే నేను చూసేది బిడ్డని కాదు, రెండు దిగడాలు, దూరమయ్యే రెండు కదలడాలు, రెండు లేవడాలు. ఇన్ని కోట్లమంది చేసేదంతా ఆ మూడింటితోనే. తొమ్మిదేళ్లలో ఇది నాకు పాతబడలేదు. కొన్నాళ్లు చీపురుకట్టని పట్టుకున్నా, దిగింది, కదిలింది, లేచింది అనుకునేదాన్ని.

అమ్మ గీతలో వణుకు లేదు.

మళ్లీ చూశాను. వణుకుంటే గీత రంపంలా వస్తుంది, ఆఫీసులో అలాంటివి వందలు చూశాను. ఇది ఒక చోట దిగి, ఒకే వేగంతో నడిచి, ఒక చోట ఆగింది. ప్రశ్న, తాగడానికి ఏది వాడతాం. వేలు కప్పు బొమ్మ మీద దిగలేదు, పక్కన తెల్లటి జాగాలో దిగింది, అక్కడినుంచి గీటు దాటి కప్పు మీదికి వచ్చింది, ఆగింది, లేచింది. రెండో జాడ తీశాను. తెలుపులో దిగి గొడుగు మీదికి వచ్చింది. మూడోది తెలుపులో దిగి తాళంచెవి మీదికి. నాలుగు, అయిదు, ఆరు. దిగినది ప్రతిసారీ తెలుపే. లేచినది ప్రతిసారీ బొమ్మ మీద. ల్యాప్‌టాప్‌ని ఒళ్లోంచి బల్ల మీద పెట్టాను, చేతులు ఖాళీ చేసుకోవాలనిపించింది. ఎవరి మీద వేలు దిగితే, లేచేదాకా ఆ వేలు వాళ్లదే. ఇది మా పనిలో మొదటి నియమం, మా గోడ మీద కాగితానికి రాసి అంటించి ఉంది, చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు చెప్పేది అదే. కప్పు మీద దిగితే వేలు కప్పుది. తెలుపు మీద దిగితే తెలుపుది, తరువాత కప్పు మీదికి వచ్చినా కప్పుకి ఆ సంగతి తెలియదు. కోడ్‌లో ఆ తెల్ల జాగాకి ఖాళీ అని పేరు పెట్టింది నేను. ఖాళీ మీద దిగిన వేలిని ఏం చేయాలో చెప్పే వాక్యం కూడా నేనే రాశాను. ఏమీ చేయక్కర్లేదు అని.

ఎందుకు తెలుపులో దిగుతోంది? చూపులో ఒక పక్క పోయి ఉండవచ్చని పెద్ద డాక్టరు ఒకసారి అన్నాడు. పోతే లేచే చోటు కూడా తప్పాలి కదా. గీతల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తున్నాను, ఎక్కడో ఒకచోట సమాధానం గీసి ఉంటుందన్నట్టు, అప్పుడు నా ముంజేతి మీద ఏదో తగిలింది. అమ్మ ఎడమచేయి. పొద్దుట కుర్చీ బ్రేకు తీస్తుంటే కొక్కెం తగులుకుని నా చొక్కా చేయి చిరిగింది, మోచేతి కింద, వేలి గోరంత. అమ్మ చూపుడువేలు చిరుగు మీద దిగలేదు. రెండంగుళాల అవతల, బాగున్న గుడ్డ మీద దిగింది. అక్కడినుంచి నేతపోగు వెంట నడిచి వచ్చింది, చిరుగు అంచు దాకా వచ్చి, దాటి, దాని మీద ఆగింది. లేచింది. నేను కదలలేదు. ఇంకో వైపునుంచి దిగింది, అడ్డపోగు వెంట వచ్చింది, ఆగింది, లేచింది.

రఫూ. అమ్మ రఫూ పని చేసేది, ముప్ఫై ఒక్క సంవత్సరాలు, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపులో కిటికీ పక్క బల్ల మీద. సిగరెట్టు కాల్చిన కోట్లు, పురుగు కొట్టిన శాలువలు, ముళ్లకంచె లాగిన ప్యాంట్లు. కోటు లోపలి మడతలోంచి దాని దారమే లాగి, చిల్లులో నిలువు పోగులు కట్టి, అడ్డపోగులు ఒకటి మీదుగా ఒకటి కిందుగా నేసేది. పని అయ్యాక కోటు తెచ్చినవాణ్ణి, చిల్లెక్కడుందో చూపించు, చూపిస్తే డబ్బులు వద్దు అనేది. ఒక్కడూ చూపించలేదు. బడి అయ్యాక నేను ఆ బల్ల కింద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. పదేళ్లప్పుడనుకుంటా, నేనూ చేస్తానని ఒక శాలువ తీసుకుని చిల్లు మీద వేలు పెట్టాను. చేతి మీద ఒకటి పడింది. "చిల్లు మీద వేలు పెడతావేంటి, పెద్దదవదూ? బాగున్న చోట దిగు. పోగు పట్టుకుని నడుచుకుంటూ రా. చిల్లు అదే తగులుతుంది." ఇంకోటి కూడా చెప్పింది, సూది పని కుడిచేతిది, చూసే పని ఎడమచేతిది, గుడ్డ కింద ఉండే చేయి ఏం చెబితే పైచేయి అది చేస్తుంది, కళ్లు ఊరికే తోడుకి. ఇది నేను మరిచిపోలేదు. ఎప్పుడూ అవసరం రాలేదు, అంతే. పన్నెండు వారాల కిందట అమ్మ తలలో ఒక నరం చిట్లి మాట పోయింది, సూది చేయి పోయింది. చూసే చేయి ఉంది. దాని ముందు మేము నాలుగు బొమ్మలు పెట్టి ఒకటి చూపించమన్నాం. అది ముప్ఫై ఒక్క సంవత్సరాలు చూపించినట్టే చూపించింది. పదిసార్లు. బాగున్న చోట దిగి, నడుచుకుంటూ వచ్చి. దాన్ని అందుకునే చోట నేను ఏమీ చేయక్కర్లేదు అని రాసి ఉంచాను.

పదకొండూ పదమూడు. పక్క సీటు ఎనిమిదికి ఫోన్ చేశాను. వేలు ఎక్కడ దిగిందో చూడటం మానేసి ఎక్కడ లేచిందో చూస్తే ఏమవుతుంది అన్నాను. ఉన్నట్టుండి ఏమైంది నీకు అన్నాడు, తరువాత నా గొంతు గుర్తుపట్టి, ఆగు అని కుర్చీ జరుపుకున్నాడు. "వేలిని మొత్తం పలకే తీసుకోవాలి, బొమ్మలకి ఇవ్వకుండా. కానీ ఊరికే అలా వెళ్తూ వెళ్తూ లేచిన వేళ్లు కూడా లెక్కలోకి వస్తాయి."

"ఆగి లేస్తేనే లెక్క."

"ఎంతసేపు ఆగితే?"

జాడలు చూశాను. పది బొమ్మల మీదా అమ్మ వేలు ఆగిన సమయాలు వరసగా ఉన్నాయి, సెకనులో మూడో వంతు కంటే ఎక్కువ, సగం కంటే తక్కువ, పదీ దాదాపు ఒకటే. చిరుగు దొరికాక, దొరికింది అని తనకి తను చెప్పుకోవడానికి పట్టే సమయం అది. ఏ మీటింగులోనూ ఎవరూ కొలవలేదు దాన్ని. సెకనులో మూడో వంతు అన్నాను. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావు అన్నాడు. మా అమ్మ చెప్పింది అన్నాను. ఇన్నాళ్లూ నేనూ ఖాళీని చూడలేదు అన్నాడు, నెమ్మదిగా.

మారింది పదకొండు వాక్యాలు. తీసేసింది ఒకటి. తప్పొప్పులు చూసి కొత్త పలకని ట్యాబ్‌లోకి ఎక్కించమని ఆజ్ఞ ఇచ్చాను, ఎంత ఎక్కిందో చూపించే గీత నిండుతూ పోవడం మొదలైంది, నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ నాలుగు నిమిషాల్లో నేను చేయగలిగింది లేదు. అమ్మ చేయి ఇంకా నా చొక్కా మీదే ఉంది. ఆ వేలి కొసన చర్మం అరిగి నున్నగా ఉంటుంది, ఆధార్‌లాంటి కార్డుల కోసం వేలిముద్ర తీసేవాళ్లు మూడుసార్లు ప్రయత్నించి బొటనవేలు ఇవ్వమ్మా అనేవాళ్లు. గీతలు పోయిన వేలు పోగుని ఎలా లెక్కపెడుతుందో నేను ఎప్పుడూ అడగలేదు. అంగుళానికి డెబ్బై పోగులుండే గుడ్డలో తెగినవి మూడా నాలుగా అని చూడకుండా చెప్పేది. మేము అద్దం కింద సన్నటి తీగల వల పరిచి, నిలువు కొన్ని, అడ్డం కొన్ని, అవి కలిసేచోట వేలుందా అని చూస్తాం. నిలువు పోగు, అడ్డపోగు. ఆ సంగతి నాకు ఇప్పుడే తట్టింది, తొమ్మిదేళ్లకి, ఈ గదిలో. అద్దం కూడా నేసిందే. అమ్మ దాని మీద చేయి పెట్టిన మొదటి రోజే నేతలా తడిమి ఉంటుంది, పిచ్చిగా తిప్పుతోంది అనుకున్నాం. పలక ఎన్నో ఆసుపత్రుల్లో ఉంది. ఎంతమంది వేళ్లు తెలుపులో దిగి, నడిచి వచ్చి, సరైన చోట ఆగి, ఏమీ వినపడక లేచాయో. ఏ పని చేసిన చేతులో అవి, మట్టి కలిపినవో, అచ్చు అక్షరాలు పేర్చినవో, గోడకి గచ్చు చేసినవో. ఖాళీలో దిగినవాటిని మేము లెక్క కూడా పెట్టలేదు, కాబట్టి ఆ అంకె ఎక్కడా లేదు. గీత నిండింది. పదకొండూ ఇరవై తొమ్మిది.

మాటల మేడం వచ్చింది, వెనకాలే మామయ్య, తలుపు దగ్గర ఆగాడు. యాప్ మార్చానని చెప్పాను. ఆమె కలం పట్టుకునే నిలబడింది. "మార్చారంటే? అమ్మగారికి సాయం చేసేలాగానా?" న్యాయమైన ప్రశ్న. పొద్దుటి పది జాడల్ని ఒక్కొక్కటీ తెర మీద నడిపించాను. గీత తెలుపులో దిగి కప్పు మీదికి. గొడుగు మీదికి. తాళంచెవి మీదికి. ఆమె వంగింది, అయిదో దానికి కుర్చీ లాక్కుని కూర్చుంది. పదిట్లో తొమ్మిది సరిగ్గా ఉన్నాయి. తప్పింది ఏడోది, దేంతో కత్తిరిస్తాం. కాగితం ప్రకారం కత్తెర. అమ్మ వేలు కత్తెర దాటి, పక్కనున్న గడ్డం గీసుకునే బ్లేడు మీద ఆగింది. రఫూవాళ్లు దారాన్ని సగం బ్లేడుతో కోస్తారు, కత్తెర మొన గుడ్డకి తగులుతుంది కదా అని చెప్పాను. మాటల మేడం కాగితం దగ్గరికి లాక్కుంది. తొమ్మిది సున్నాల మీద గీత కొట్టి పక్కన చిన్న సంతకం పెట్టింది. ఏడోదాని దగ్గర ఆగి, అర మార్కు వేసింది.

తరువాతి పదీ అడిగింది. అమ్మ వేలు తెలుపులో దిగింది, నడిచింది, ఆగింది, లేచింది. చెంచా, అన్నాను నేను, పెదవి కదపకుండా, బల్ల మీదనుంచి. అమ్మ వేలు గాలిలో ఆగిపోయింది. ట్యాబ్‌ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ట్యాబ్‌ని. కుర్చీ, అన్నాను. అద్దం, అన్నాను. ఒకటి తప్పింది, దువ్వెన అడిగితే కుంచె, నిజంగా తప్పే. ఒకదానికి వేలు కదలనే లేదు. చివరి నాలుగూ అవును, లేదు ప్రశ్నలు, కాదు అనాల్సిన చోట కూడా పలకలో లేదు ఒక్కటే ఉంది. ఇది ఆసుపత్రా? అవును. బయట మంచు పడుతోందా? లేదు. మీకు పెళ్లయిందా? అవును. ఆఖరుది కాగితం మీద అచ్చువేసి ఉన్నదే, ఆమె మొహమాటం లేకుండా చదివింది. మీరు మగవారా?

తెలుపులో దిగింది. అవును గడి అంచు వెంట నడిచింది, ఆగలేదు, దాటింది. లేదు, అన్నాను.

మాటల మేడం మొదటి గడిలో గీత పెట్టింది. కలానికి మూత పెట్టింది. తలుపు దగ్గరనుంచి మామయ్య గొంతు వచ్చింది, అదోలా ఉంది. "మరి నేనడిగినప్పుడు తల ఊపావేంటే అక్కా?"

అమ్మ అటు చూసింది. నోటికి ఎడమ పక్క, కదిలే పక్క, కాస్త పైకి వెళ్లింది. దారం కొరకడానికి వెళ్లినంత. ఎడమచేయి తెలుపులో దిగింది, తొందర లేకుండా పలక అడుక్కి నడిచింది, చిన్న గడి మీద ఆగింది, లేచింది.

మళ్ళీ, అన్నాను నేను, బల్ల మీదనుంచి.

మామయ్య లోపలికి వచ్చాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అక్క ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.